చిలుకల జంట – పెంపకమును, పిల్లల సాకుటయు



ఎరువులు, విత్తనములు, పంట అప్పులు తప్ప వేఱు ప్రసంగ మెఱుగని యీ పత్రికలో చిలుకల మాట యేల యని కొందఱికి నవ్వు రావచ్చును. మేమును మొదట సంశయించితిమి. కాని గడచిన మాఘమాసమున మా పరిధిలోని యొక గ్రామమున జరిగిన చిన్న సంగతి మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది.

ఆనాడు సంఘపు నెలసరి సమావేశము ముగిసినది. మేము బయలుదేఱుచుండగా సభ్యులలో నొకరు తమ కుమారుని వెంటబెట్టుకొని వచ్చిరి. బాలునికి పదిపండ్రెండేండ్లుండును. వాడు చొక్కా అంచును దోసిలివలె పట్టుకొని, దానిలో నేదియో దాచుకొని యుండెను. "అయ్యా, వీడు వేపచెట్టు తొఱ్ఱలో నుంచి చిలుకపిల్లను తీసుకొచ్చినాడు. రాత్రి నుంచి ఏమి పెట్టినా తినలేదు. ఏమి పెడితే బ్రతుకుతుందో తమరు చెప్పాల" అని తండ్రి యడిగెను. మడత విప్పి చూచితిమి. సగము ఈకలు మొలిచిన రామచిలుక పిల్ల. మెడక్రింది మేతతిత్తి ఖాళీగా ముడుచుకొని పోయియున్నది.

ఏమి పెట్టవలెనని వారడిగిరి. దీనిని ఉంచుకొనవచ్చునా యనునది అంతకు ముందు తేలవలసిన ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకును సమాధానముగా, మా యింట మూడేండ్లుగా పెంచుచున్న చిలుకల జంటవలన మేము నేర్చుకొన్న దానిని ఇట వ్రాయుచున్నాము. అందు మా తప్పిదమొకటి కూడ కలదు. దానిని దాచుట లేదు.

రామచిలుకను పెంచరాదు

రామచిలుక మన దేశపు స్వేచ్ఛాపక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనికిని, దీనికంటె పెద్దదై రెక్క మొదట ఎఱ్ఱని మచ్చగల పెద్ద చిలుకకును రక్షణ కల్పించినది. వీనిని పట్టుట, అమ్ముట, కొనుట, పంజరమున నుంచుట నేరములు. "తాతల నాటి నుండి ఇంటింట నున్నదే గదా, చిలుకజోస్యము చెప్పువారి చేత నున్నదే గదా" యని వాదించువారు కలరు. పూర్వపు వాడుక యున్నంత మాత్రమున చట్టము మాఱదు.

రైతుకు చిలుకపై కోపముండుట సహజమే. జొన్న పాలుపోసుకొనునప్పుడును, మొక్కజొన్న కండె ముదురునప్పుడును, ప్రొద్దుతిరుగుడు గింజ కట్టునప్పుడును, జామ దోరగిల్లునప్పుడును చిలుకలగుంపు దిగినచో కలుగు నష్టము మేము కన్నులార చూచినదే. మంచెయెక్కి కేకలు వేయుడు, డబ్బా మ్రోగింపుడు, చేనికి అడ్డముగా తళతళలాడు రిబ్బన్లు కట్టుడు. పైరును కాచుకొనుట మన హక్కు. తొఱ్ఱలోని పిల్లను తెచ్చుకొనుట పైరు కాచుకొనుట కాదు.

చట్టము మాట యటుంచినను, అట్టి పిల్ల బ్రతుకుట దుర్లభము. తల్లిదండ్రులు తాము తిని మెత్తబఱచిన మేతను దాని నోటిలో కక్కి పెట్టును. మనమిచ్చు అన్నము, పాలు దానికి సరిపడవు. కావున ఆ సాయంకాలమే నిచ్చెన తెప్పించి, పిల్లను ఆ తొఱ్ఱలోనే దింపించి, దూరముగా కూర్చుంటిమి. మనిషి చేయి తగిలిన పిల్లను తల్లి ముట్టదను మాట నిజము కాదు. ప్రొద్దు గ్రుంకుటకు ముందు ఒక చిలుక వచ్చి, మానును కఱచిపట్టుకొని, కొంతసేపు అటునిటు చూచి, తొఱ్ఱలో తల దూర్చినది. లోపలి నుండి పిల్ల యఱపు వినవచ్చినది. అందఱమును సంతోషించితిమి, ఒక్క ఆ బాలుడు తప్ప. వాడు మా చేయి పట్టుకొని "మరి నాకు?" అని మాత్రమే అడిగెను.

పెంచదగిన చిలుక

ఆ ప్రశ్నకు సమాధానము బడ్జెరిగారు అను చిన్న చిలుక. మన బజారులలో దీనిని "లవ్ బర్డ్స్" అని అమ్ముదురు. ఆ పేరు తప్పు. నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికా ఖండపు పక్షులు, పొట్టితోకవి. బడ్జెరిగారు ఆస్ట్రేలియా దేశపు నడిమి మెట్టభూములలో గుంపులుగా తిరుగు పక్షి. ఇది వానలు పడి గడ్డిగింజ పండిన చోటికి వలసపోయి, యూకలిప్టసు చెట్ల తొఱ్ఱలలో పిల్లలను చేయును. దీని పేరు కూడ ఆ దేశపు ఆదివాసుల మాట నుండి పుట్టినదే. 1840లో జాన్ గూల్డు అను పక్షిశాస్త్రజ్ఞుడు దీనిని ప్రాణముతో ఇంగ్లండునకు కొనిపోయెను. అటుపిమ్మట అది లోకమంతటను ఇండ్లలో పెరుగుచు, అనేక తరములుగా పంజరమునందే పుట్టుచున్నది. మన అడవి నుండి పట్టి తెచ్చినది కాదు గాన దీనిని పెంచుటకు మన చట్టము అడ్డు చెప్పదు.

దీని పొడవు, తోకతో కలిపి, సుమారు 7 అంగుళములు. బరువు 30 మొదలు 40 గ్రాములు. సహజపు రంగు ఆకుపచ్చ, ముఖము పసుపు, వీపుపై నల్లని అలలవంటి చాఱలు. నీలము, తెలుపు, పసుపు రంగులు పంజరములలో పెంచగా తేలినవి. చక్కగా చూచుకొన్నచో అయిదు మొదలు ఎనిమిదేండ్లు బ్రతుకును.

జంటను ఎన్నుట

ఎద్దులను కొనునప్పుడు పళ్ళు చూచి, నడక చూచి, తోక క్రింద చూచి కొందుము. పక్షికిని పరీక్ష కలదు. ముక్కుపైన, నాసారంధ్రముల చుట్టు, మెత్తని చర్మపు పట్టె యొకటి యుండును. ఎదిగిన మగదానికి అది నిండు నీలముగా నుండును. ఆడుదానికి గోధుమవన్నెగా గాని, వెలిసిన తెలినీలముగా గాని యుండును. గ్రుడ్డు పెట్టు అదనున ముదురు గోధుమవన్నెకు తిరుగును. ఒంటిరంగు తెలుపు లేక పసుపు మాత్రమేయై కన్నులు ఎఱ్ఱగా నున్న జాతులలో మగదాని పట్టె నీలమునకు రాక గులాబివన్నెతోనే నిలుచును. అచట నీ గుఱుతు పనికిరాదు.

లేతపిల్లలకు నుదుటిచాఱలు ముక్కువఱకు దిగియుండును. మూడు నాలుగు నెలలకు తొలి ఈకలు రాలినపుడు ఆ చాఱలు వెనుకకు పోయి నుదురు నున్నబడును. చుఱుకుగా కదలుచు, ఈకలు ఒంటికి అదిమి, ముక్కు పొడిగా, మలద్వారము చుట్టు శుభ్రముగా నున్న దానిని కొనవలెను. పట్టపగలు ఈకలు ఉబ్బించుకొని రెండుకాళ్ళపై కూర్చుండి నిద్రించు పక్షి జబ్బుపక్షి. ఎంత చౌకగా వచ్చినను వలదు. మగదానిని ఒకచోటను ఆడుదానిని వేఱొకచోటను కొనుట మేలు. ఒక్క గూటిపిల్లలను జోడుకట్టరాదు.

పంజరము

అమ్మకపు గుండ్రని పంజరములు చూపునకు మాత్రమే. ఈ పక్షి నిట్టనిలువుగా గాక అడ్డముగా ఎగురును గాన పంజరమునకు ఎత్తుకంటె పొడవు ముఖ్యము. మా పంజరము రెండున్నర అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే ఎత్తు. తీగెల నడిమి సందు అర అంగుళము మీఱరాదు. మీఱినచో తల దూర్చి చిక్కుకొనును. జింకు పూసిన కొత్త తీగెను పక్షులు కొఱుకును, ఆ జింకు విషమగును. కావున కొత్త పంజరమును వినెగరుతో తోమి, కడిగి, ఎండబెట్టిన తరువాతనే పక్షులను విడువవలెను.

చిలుక పాదమునకు రెండు వ్రేళ్ళు ముందునకును రెండు వెనుకకును ఉండును. వాలుటకు ఒకే లావుగల నున్నని కఱ్ఱ పెట్టినచో ఆ పాదము పుండుపడును. మందు చల్లని వేపకొమ్మలను సన్నవియు లావువియు కోసి బెరడుతోనే అమర్చుడు. అవి నమలుటకును పనికివచ్చును.

పంజరమును గోడవారగా, ప్రొద్దుటి యెండ కొంత తగులు చోట, మనిషి కంటి యెత్తున నుంచవలెను. వేసవి వడగాలి తగులరాదు. పిల్లి, పాము, చీమ – ఈ మూటి భయము పల్లెయింట ఎల్లప్పుడు కలదు. మేము పంజరమును కొక్కెమునకు వ్రేలాడదీసి, కొక్కెపు తీగెకు నడుమ నీటిగిన్నె అమర్చి చీమలను ఆపితిమి. వంటయింటిలో మాత్రము ఎన్నడును పెట్టరాదు. పొగ సరే, అంటుకొనని పూతగల పెనములు మాడినప్పుడు వెలువడు ఆవిరి మనకు తెలియకయే నిమిషములలో పక్షిని చంపును.

ఆహారము

ఈ పక్షి విషయమున మెట్టరైతు అదృష్టవంతుడు. పట్టణవాసులు పొట్లములలో కొని తెచ్చు గింజ మన పొలమున పండునదే. కొఱ్ఱలు, వరిగలు, సామలు, సజ్జలు దీనికి ప్రధానాహారము. మేము రెండు పాళ్ళు కొఱ్ఱలు, రెండు పాళ్ళు వరిగలు, ఒక పాలు సామలు కలిపి యుంతుము. నంద్యాల పరిశోధనాస్థానము వెలువఱచిన సూర్యనంది కొఱ్ఱను మా యింటివారు కంకితోనే ఎండబెట్టి కట్టలుగా దాచుదురు. ఆ కంకిని పంజరమున వ్రేలాడదీసినచో, పక్షి దానిపై తలక్రిందుగా ప్రాకుచు ఒక్కొక్క గింజను ఒలుచుకొనుట చూడదగిన వేడుక. ప్రొద్దుతిరుగుడు గింజ కొవ్వు పట్టించును. వారమునకు నాలుగైదు గింజలు చాలును.

పక్షి యొక్కటికి దినమునకు రెండు చిన్న చెంచాల గింజ సరిపోవును. ఇచట నొక మోసము కలదు. ఈ పక్షి గింజను ఒలిచి పప్పు తిని పొట్టును గిన్నెలోనే విడుచును. పైకి గిన్నె నిండుగానే కనబడును. లోపల గింజయే యుండదు. ఇట్లు నిండుగిన్నె యెదుట ఆకలితో చచ్చిన పక్షులు కలవు. కావున దినమును చేటతో చెఱిగినట్లు పొట్టును ఊది, క్రొత్తగింజ పోయవలెను.

గింజతోపాటు కొత్తిమీర, పాలకూర, మునగాకు, తురిమిన క్యారెట్టు కొంచెముగా పెట్టుడు. పురుగుమందు చల్లిన చేని ఆకు వలదు. పెరటి ఆకైనను కడిగి పెట్టుడు. సున్నపు సత్తువకై సముద్రఫేనము ముక్క నొకటి తీగెకు కట్టవలెను. ఉప్పు, టీ, కాఫీ, చాక్లెట్టు, అవకాడో పండు దీనికి విషతుల్యములు. నీరు దినమునకు ఒకసారి, వేసవిలో రెండుసార్లు మార్చవలెను. వెడల్పు మూకుడులో నీరుపోసిన స్నానము చేయును.

గూడు, గ్రుడ్లు

జంటకు ఏడాది వయస్సు నిండువఱకు గూడు చూపరాదు. లేత ఆడుపక్షికి గ్రుడ్డు అడ్డుపడి ప్రాణము పోవుట కలదు. సున్నపు సత్తువ చాలనప్పుడును అట్లే జరుగును.

గూటికి మన్ను కుండ గాని, చెక్కపెట్టె గాని తగును. పెట్టెయైనచో అడుగు ఆఱేసి అంగుళములు, ఎత్తు తొమ్మిది, ద్వారము ఒకటిన్నర అంగుళము. అడుగున నడుమ పల్లముండవలెను. నున్నని చదునుపై పెరిగిన పిల్లలకు కాళ్ళు ఇరుప్రక్కలకు చీలిపోవును. ఈ పక్షి పుల్లలు తెచ్చి గూడల్లదు. తొఱ్ఱ దొరికిన చాలును. అడుగున కొంచెము చెక్కపొట్టు వేయుట మంచిది.

మేము చదివిన మిషను పాఠశాలలో ప్రకృతిపాఠము చెప్పిన ఉపాధ్యాయులు, చూచినదానిని చూచిననాడే వ్రాయుమని మాకు అలవాటు చేసిరి. మా చిలుకల పుస్తకమున మొదటి సంతు వివరము ఇట్లున్నది: కుండ కట్టిన పదునొకండవ దినమున మొదటి గ్రుడ్డు, అటుపై దినము విడిచి దినము నాలుగు. గ్రుడ్డు తెల్లనిది, వేపకాయకంటె కొంచెము పెద్దది. ఆడుపక్షి ఒక్కటియే పొదుగును. మగది దానికి మేత తెచ్చి నోట పెట్టుచు, మిగిలిన వేళ ద్వారము చెంత పాడుచుండును. ఆడుపక్షి మేతకు వచ్చినపుడు, వారము పొదిగిన గ్రుడ్డును దీపమునకు అడ్డుపెట్టి చూడగా ఎఱ్ఱని నరములు కనబడినవి. నరములు లేనిది వట్టి గ్రుడ్డు.

పదునెనిమిదవ దినమున మొదటి పిల్ల వెలువడెను. గ్రుడ్లవలెనే పిల్లలును దినము విడిచి దినము వచ్చును గాన ఒకే గూటిలో పెద్దపిల్లయు పసిపిల్లయు కలిసి యుండును. పుట్టినపుడు ఈక లేదు, చూపు లేదు. వేలిగోరంత మాంసపు ముద్ద. పది దినములకు కన్నులు తెఱచును. అయిదవ వారమున గూడు విడుచును. అటుపిమ్మట మఱి రెండు వారములు తండ్రియే మేపును. ఈ కాలమున గింజతోపాటు ఉడికించిన గ్రుడ్డు చిదిపి, నానబెట్టి మొలకెత్తించిన కొఱ్ఱలును పెట్టవలెను. ఇవి త్వరగా పులియును గాన రెండు గంటలలో తీసివేయవలెను.

మా జంట రెండును ఆకుపచ్చవే. అయిదు గ్రుడ్లలో ఒకటి వట్టిపోగా నాలుగు పిల్లలు వచ్చినవి. మూడు ఆకుపచ్చ, ఒకటి నీలము. మా పొరుగువారు ఆశ్చర్యపడిరి. సంకరవిత్తనపు పంట నుండి తీసిన విత్తనము మరుసటి యేడు పలురకములుగా మొలచుట మీరెఱుగుదురు. ఇదియు నట్టిదే. తల్లియు తండ్రియు తమలో నీలపు గుణమును దాచుకొని యున్నచో, పిల్లలలో సగటున నాలుగింట ఒకటి నీలమగును. 1866లో మెండెలు బఠానీమొక్కలపై ప్రకటించిన సూత్రమిదే. సగటు అంటిమి గాని ప్రతి గూటను అట్లే వచ్చునని తలపరాదు.

మా తప్పిదము

ఇక చెప్పుటకు కష్టమైన భాగము. గడచిన మార్గశిరమున మా జంటకు నాలుగు పిల్లలుండెను. పెద్దదానికి పందొమ్మిది దినములు, చిన్నదానికి పదమూడు. ఒకనాటి యుదయము మేము తొందరపనిపై పోవుచు, మేతడబ్బాలో కొఱ్ఱలు నిండుకొనగా, అటుకపై నున్న వేఱొక డబ్బా దింపి గిన్నె నింపితిమి. ఆ డబ్బాలో నున్నది ఆషాఢమున మా చేనికి విత్తగా మిగిలిన విత్తనము. మొవ్వు ఈగకై దానికి పురుగుమందు పట్టించినది మేమే. బజారులో కొన్న శుద్ధివిత్తనమునకు ఎఱ్ఱరంగు కలుపుదురు, చూడగనే తెలియును. ఇంట పట్టించినది కాన దీనికి రంగు లేదు. డబ్బాపై చీటియును లేదు.

మగపక్షి ఆనాడు కంకిపైననే మేయుచుండెను. పిల్లలను కప్పియుండి అలసిన ఆడుపక్షి గిన్నెకు వచ్చి తినెను. పొట్టు ఒలిచియే తినును గాని, ఒలుచుటకు నాలుకతో త్రిప్పవలెను గదా. ఇంత చిన్న ఒంటికి అంత మందు చాలును. మధ్యాహ్నమునకు మా యింటివారు చూచునప్పటికి అది పంజరపు అడుగున రెక్కలు వాల్చి వణకుచుండెను. మేము తిరిగి వచ్చులోపల చనిపోయెను. గిన్నెలోని గింజను అఱచేత పోసి వాసన చూడగనే మాకు సంగతి తెలిసినది.

విత్తనపు డబ్బాకు చీటి అంటింపుమని, మిగిలిన శుద్ధివిత్తనమును తినుబండారముల చెంత నుంచవలదని మేము ఎన్ని గ్రామములలో చెప్పియుంటిమో లెక్కలేదు. మా యింట మేమే చేయలేదు. మగపక్షియో పిల్లలో చేసిన దోషమేమియు లేదు. చేనిలోని చిలుక ఒకచోట మేత నచ్చనిచో మఱొక చేనికి పోవును. పంజరములోని చిలుకకు మన చేతిగిన్నె తప్ప వేఱు చేను లేదు. మనము పెట్టినదే తినవలెను, తిని చావవలసి వచ్చినను.

ఆ రాత్రి చలి. ఈకలు రాని చిన్నపిల్లలకు తల్లి వెచ్చదనము లేదు. కుండ ప్రక్కన విద్యుద్దీపము వ్రేలాడదీసి, దానిపై గోనె కప్పి, వేడి సరిచూచుచు మేమిద్దఱమును వంతులు వేసికొని కూర్చుంటిమి. మరునాటి యుదయము మగపక్షి కుండ ద్వారమున చాలసేపు తటపటాయించి, తుదకు లోనికి దూఱెను. అదివఱకు తల్లికి మాత్రమే మేతనిచ్చుచుండిన పక్షి నాటి నుండి తానే పిల్లలను మేపసాగెను. పెద్దవి మూడును అందుకొన్నవి. చిన్నది తల యెత్తలేకపోయినది. పలుచని కొఱ్ఱగంజిని గోరువెచ్చగా చెంచాతో పట్టితిమి గాని రెండవ రాత్రి అది పోయెను. తక్కిన మూడును ముప్పది యెనిమిది దినములకు గూడు విడిచినవి. మగపక్షి సగమై పోయెను. మఱి రెండు నెలలు దానికి గూడు చూపలేదు.

గుఱుతుంచుకొనవలసినవి

విత్తనశుద్ధి చేసిన గింజను ఏ ప్రాణికిని, కోడికి గాని పశువునకు గాని పక్షికి గాని, పెట్టరాదు. మనుష్యుడు తినరాదని వేఱుగా చెప్పనక్కఱలేదు. మిగిలిన శుద్ధివిత్తనమును ఎఱ్ఱచీటి అంటించి, తాళమున్న పెట్టెలో, ధాన్యపుగది కాని చోట నుంచుడు. ఇంట పట్టించునప్పుడు తప్పక రంగు కలుపుడు. దీనిని కడిగి మేతగా మార్చవచ్చునను మాట నమ్మకుడు.

ఏడాదికి రెండు సంతులకు మించి చేయింపరాదు. రెండవ సంతు గూడు విడిచినంతనే కుండ తీసివేయవలెను. కుండ యున్నంతవఱకు ఆడుపక్షి గ్రుడ్లు పెట్టుచునే యుండి క్షీణించును.

పంజరపు అడుగుతట్టను దినమును శుభ్రము చేయవలెను. ఎండిన రెట్టను ఊడ్చరాదు, తడిపి తీయవలెను. చిలుకజాతి పక్షుల రెట్టదుమ్మువలన మనుష్యులకు ఒకవిధమైన జ్వరము సోకుట కలదు. 1929, 1930 సంవత్సరములలో అది అమెరికా, ఐరోపా దేశములలో వ్యాపించి కలవరము పుట్టించెను. నేడు దానికి మంచి మందులు కలవు. పక్షులను పెంచు ఇంట జ్వరము, తలనొప్పి, పొడిదగ్గు కలిసి వచ్చినచో, ఇంట పక్షులున్న సంగతి వైద్యునికి ముందుగా చెప్పుడు.

దీనిని లాభసాటి వ్యాపారముగా తలంచి సంఘమున అప్పునకు దరఖాస్తు పెట్టవలదని మనవి. బయటి సంతలలో పిల్లకు వచ్చు వెల మేతకును శ్రమకును చాలదు. అమ్ముడుపోని పిల్లలను ఆకాశమున విడిచిపెట్టుట ధర్మము కాదు. ఈ దేశపు కాకికిని డేగకును అవి ఒక్కపూట మేత. పెంచగలిగినన్ని మాత్రమే పుట్టనిండు. ఈ పని వలన లాభము వేఱొకటి కలదు. దినమును గిన్నె చూచుట, రెట్ట చూచుట, తేదీ వ్రాయుట అలవడిన బాలుడు ఱేపు పశువుల కొట్టమునను చేనిలోను అదే కంటితో చూచును.

ముగింపు

ఆ బాలునికి మేమిచ్చిన మాట చెల్లించితిమి. తల్లి లేక పెరిగిన మూటిలో ఆకుపచ్చ మగపిల్ల నొకదానిని, వేఱొక యింటి నుండి తెచ్చిన ఆడుపిల్లను జతచేసి ఉగాదినాడు వానికి ఇచ్చితిమి. ఏడాది నిండువఱకు కుండ కట్టననియు, తొఱ్ఱలలో చేయి పెట్టననియు వానిచేత మాట పుచ్చుకొంటిమి. తండ్రి నవ్వి, "తమరికి భయపడైనా వింటాడు లెండి" అనెను.

మొన్న ఆ గ్రామమునకు పోయినపుడు వారి యింట కూర్చుంటిమి. పంజరము వసారాలో మా కంటి యెత్తున వ్రేలాడుచున్నది. దాని క్రింది అరపై రెండు డబ్బాలు కలవు. ఒకదానిపై బాలుడు పెద్ద పెద్ద అక్షరములతో "చిలుకల కొర్రలు" అని వ్రాసియుండెను. రెండవదానిపై ఎఱ్ఱసిరాతో "విషం. చేనికి మాత్రమే" అని యుండెను. అక్షరములు బాగుగనే యున్నవి గాని, ఆ రెండు డబ్బాలు ఒకే అరపై నుండుట మాకు నచ్చలేదు. రెండవదానిని మేమే తీసి, కొట్టములోని తాళపుపెట్టెలో పెట్టించి వచ్చితిమి.

ఈ పత్రిక ముగించి ప్రక్కన పెట్టునపుడు చదువరులు తమ యింటి అటుకనొకసారి చూడవలెనని మా ప్రార్థన. చిలుకలు లేని యింట కోళ్ళుండును. కోళ్ళు లేని యింట పిల్లలుందురు.